ఓడ మనదైతేనే బేరం మనది
షోలాపురం సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్‌గారి జీవితం

షోలాపురం నుండి హైదరాబాదు బాటన తూర్పుగా పోతే విడీ ఘర్కుల్ వస్తుంది. బీడీ కార్మికుల కొరకు కట్టిన ఇండ్లు కనుక ఆ పేరు వచ్చింది. ఇక్కడ ఏ సందులోకి పోయినా తెలుగే వినిపిస్తుంది. తాతల నాడు తెలంగాణ నుండి బ్రతుకు తెరువు కొరకు వచ్చిన పద్మశాలీల సంతతి వీరు. ఆడవారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. మగవారు సాంచాల మీద తువ్వాళ్లు, చాదర్లు నేస్తారు. వారు నేసిన తువ్వాళ్లను కొని, కట్టలు కట్టించి, బొంబాయి ఎగుమతిదారులకు పంపడమే నా వ్యాపారం. నా చదువు హైస్కూలుతో ఆగింది. పండితుల వలె వ్రాయలేను. తెలిసినంతలో ఒక గొప్పవాని కథ చెప్పబూనినాను. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక.

ఈ కథ నాకు ఎందుకు తలపుకు వచ్చిందో ముందు చెప్పాలి. 2023 చివరలో ఎర్రసముద్రంలో సరకుల ఓడల మీద దాడులు మొదలయ్యాయి. సూయజు కాలువ మీదుగా యూరపుకు పోవలసిన ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి పోసాగాయి. దారి పెరిగింది, రోజులు పెరిగాయి, వాటితో పాటు కిరాయి కూడా పెరిగింది. నా సరకు కట్టలు గోదాములోనే ఉండిపోయాయి. చివరకు కొనేవారు పెరిగిన కిరాయిలో కొంత భాగాన్ని మా ధరలో కోసి ఇచ్చారు. ఆ కోత నాతో ఆగక సాంచా నడిపేవాని కూలి దాకా దిగింది. ఆ రాత్రి చిట్టా వ్రాస్తూ కూర్చుంటే ఒక ఆలోచన మనసును తొలిచింది. నూలు మనది, నేత మనది, చెమట మనది. మరి దాని ధర మాత్రం మనం ఎన్నడూ చూడని ఓడవాని చేతిలో ఎందుకున్నది?

ఈ ప్రశ్న నూరేండ్ల క్రిందటే వేసుకొని, జవాబు కొరకు ధనమూ ఆరోగ్యమూ ఒడ్డిన మహనీయుడు మన షోలాపురం వాడే. ఆయనే సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ దోశీగారు. సముద్రం ఎక్కడ, షోలాపురం ఎక్కడ! ఊరికి దగ్గరలో ఒక్క రేవు కూడా లేని ఈ మెట్ట దేశంలో పుట్టి, భారతదేశపు నౌకా వ్యాపారానికి తండ్రి అనిపించుకున్న వాని చరిత్ర మన వర్తక కుటుంబాల పిల్లలు తప్పక తెలుసుకోవలసినది.

పుట్టుక, పెంపకం

వాల్‌చంద్‌గారు 1882 నవంబరు 23వ తేదీన షోలాపురంలో దిగంబర జైన కుటుంబంలో జన్మించారు. వారి పూర్వులు సౌరాష్ట్రంలోని వాంకానేరు వారు. వర్తకం కొరకు దక్కనుకు వచ్చి, ఇక్కడి మట్టిలో కలిసిపోయారు. తండ్రి హీరాచంద్ నేమచంద్‌గారు పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసేవారు. ఆయన వట్టి ధనవంతుడు కాదు, విద్యావ్యాసంగం కలవాడు. మన సమాజంలో చదువు వ్యాపించాలని, దురాచారాలు తొలగాలని పాటుపడినవాడు. 1880ల దశకంలో షోలాపురం నుండి వెలువడసాగిన జైన్ బోధక్ పత్రిక ఆయన స్థాపించినదే. నేటికీ షోలాపురంలో ఒక కామర్సు కాలేజీకి హీరాచంద్ నేమచంద్‌గారి పేరే ఉన్నది.

వాల్‌చంద్‌గారికి తల్లిని తెలిసే భాగ్యం లేకపోయింది. ఆయన పసితనంలోనే ఆమె కన్నుమూసింది. ఇంటివారి చేతుల్లో పెరిగారు. షోలాపురం హైస్కూలులో చదివి, బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలోనూ, పూనా దక్కన్ కాలేజీలోనూ కొంతకాలం చదివారు. కాని పట్టా పుచ్చుకోకుండానే తిరిగి వచ్చి ఇంటి వ్యాపారంలో కూర్చున్నారు.

ఆనాటి షోలాపురం మార్కెట్టును ఒక్కసారి ఊహించుకొందాం. 1860లో రైలు వచ్చింది. అంతకు ముందు ఎద్దుల బండ్ల మీద కనుమలు దిగిన పత్తి అటు తరువాత రైలెక్కి బొంబాయి చేరింది. అక్కడ ఓడెక్కి ఇంగ్లండులోని లివర్‌పూలు రేవుకు పోయింది. 1869లో సూయజు కాలువ తెరిచిన తరువాత ఈ దారి ఇంకా దగ్గరైంది. బొంబాయి నుండి ఏడెను, సూయజు, పోర్టు సయ్యదు, అక్కడి నుండి మధ్యధరా సముద్రం దాటి లండను, లివర్‌పూలు. పత్తి ఆ దారిన పోయి, బట్టగా మారి, అదే దారిన తిరిగి మన దేశానికి వచ్చేది. పోయేటప్పుడూ ఇంగ్లీషువాని ఓడకే కిరాయి, వచ్చేటప్పుడూ ఇంగ్లీషువాని ఓడకే కిరాయి. పత్తి వర్తకుని ఇంట పుట్టిన పిల్లవానికి ఈ లెక్క ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. అది నిత్యం ఇంట్లో వినిపించే మాటే.

రైలు కంట్రాక్టులు

గద్దె మీద కూర్చొని వడ్డీ లెక్కలు వ్రాయడం వాల్‌చంద్‌గారి స్వభావానికి సరిపడలేదు. లక్ష్మణరావు బల్వంత్ ఫాటక్ అనే మహారాష్ట్ర బ్రాహ్మణుడు లోగడ రైల్వేలో గుమాస్తాగా పనిచేసి కంట్రాక్టులలోకి దిగాడు. ఆయనకు పని తెలుసు, పెట్టుబడి లేదు. వాల్‌చంద్‌గారికి పెట్టుబడి ఉంది, పని నేర్చుకోవాలనే పట్టుదల ఉంది. ఇద్దరూ కలిసి ఫాటక్ వాల్‌చంద్ అనే కంపెనీ పెట్టుకొని, మన జిల్లాలోని బార్సీ లైట్ రైల్వే పనులతో మొదలుపెట్టారు. ఆ రోజులలో సేఠ్ కుటుంబపు యువకుడు ఎండలో నిలబడి మట్టి పని చూడడం బంధువులకు వింతగా తోచి ఉంటుంది. ఆయన మాత్రం వెనుకకు చూడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ కంపెనీకి ప్రభుత్వపు పనులు దొరికి మంచి లాభాలు వచ్చాయి. తరువాతి కాలంలో ఈ వ్యాపారమే టాటా కన్‌స్ట్రక్షన్ కంపెనీతో కలిసి మరింత పెరిగింది. బొంబాయి నుండి పూనాకు పోయే రైలు భోర్ ఘాటు కొండలలో సొరంగాల గుండా పోవడం మనమందరం చూచినదే. ఆ సొరంగాల పని కొంత వారి చేతుల మీదుగా జరిగినదే. 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఏర్పడింది.

ఇంత చక్కగా సాగుతున్న వ్యాపారం చేతిలో ఉండగా సముద్రం జోలికి పోవలసిన అవసరం ఆయనకు లేదు. అయినా పోయారు. అదే ఆయన గొప్పతనం.

సముద్రం మీద పెత్తనం

వాల్‌చంద్‌గారు ఎవరితో తలపడ్డారో తెలియాలంటే ఆనాటి సముద్ర వ్యాపారపు తీరు కొంత చెప్పుకోవాలి.

మన దేశస్థులకు ఓడ వ్యాపారం కొత్త కాదు. మచిలీపట్నం రేవు నుండి కలంకారీ బట్టలు పారశీక దేశానికి పోయేవి. గోదావరి ముఖాన ఉన్న కోరంగిలో పెద్ద పెద్ద తెరచాప ఓడలు కట్టేవారు. మన జైన శ్రేష్ఠులలో బొంబాయి మోతీషా సేఠ్‌గారికి స్వంత ఓడలుండేవి. చీనాదేశం దాకా వారి వ్యాపారం సాగింది. పాలీతానా యాత్ర చేసిన వారికి మోతీషా టూంకు తెలియకుండా ఉండదు. ఆ ఆలయాలు కట్టిన ధనంలో సముద్రం మీద వచ్చిన భాగం తక్కువేమీ కాదు.

ఆవిరి ఓడలు వచ్చాక ఈ కథ మారింది. ఇనుముతో కట్టి బొగ్గుతో నడిపే స్టీమరుకు కావలసిన పెట్టుబడి వేరు, దానికి దొరికే సర్కారు టపా కంట్రాక్టుల అండ వేరు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1856లో కలకత్తా, రంగూనుల మధ్య మొదలై, క్రమంగా కరాచీ నుండి రంగూను దాకా మన తీరమంతా ఆక్రమించింది. దూరదేశాలకు పీ అండ్ ఓ కంపెనీ ఓడలు పోయేవి. 1914లో ఈ రెండూ కలిసిపోయి లార్డు ఇంచ్‌కేప్ అనే ఒకే దొర పెత్తనం క్రిందికి వచ్చాయి. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి కూలి కొరకు రంగూను పోయిన లక్షలాది తెలుగువారు ఎక్కినవి ఎక్కువగా ఈ కంపెనీ ఓడలే. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. మన కోరంగి రేవు పేరు అలా నిలిచింది గాని, ఓడ మాత్రం మనది కాకపోయింది.

ఈ పెత్తనం ఎలా నిలబడిందో వర్తకులమైన మనం గ్రహించాలి. బలప్రయోగం అక్కరలేకుండా, రిబేటు అనే చిన్న కిటుకుతో నిలబడింది. ఒకే దారిన నడిచే ఓడ కంపెనీలు ఒక కూటమిగా చేరి ఒకే కిరాయి పెట్టుకొంటాయి. 1875లో కలకత్తా, ఇంగ్లండుల మధ్య ఇట్టి కూటమి మొదట ఏర్పడింది. వర్తకుడు కట్టిన కిరాయిలో నూటికి పది వంతున తిరిగి ఇస్తామంటారు. కాని ఆ సొమ్ము వెంటనే చేతికి రాదు. కొన్ని నెలలు ఆగాలి. ఆ నెలలలో ఒక్క మూట అయినా వేరే కంపెనీ ఓడలో వేసినట్లు తెలిస్తే, నిలవ ఉన్న రిబేటంతా పోతుంది. అనగా వర్తకుని సొమ్మే వర్తకునికి సంకెల అవుతుంది. కొత్తగా ఓడ పెట్టిన స్వదేశీయునికి సరకు వేద్దామని మనసున్నా, నిలవ సొమ్ము పోతుందనే భయంతో ఎవరూ ముందుకు రారు.

అప్పటికీ లొంగని వానిని కిరాయిల పోటీతో ముంచుతారు. 1890ల దశకంలో జంషెడ్జీ టాటాగారు జపాను కంపెనీతో కలిసి బొంబాయి నుండి జపానుకు నూలు, పత్తి చేరవేసే ఓడలు నడిపారు. పీ అండ్ ఓ వారు కిరాయిలు పడగొట్టేసరికి మానుకోవలసి వచ్చింది. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్లెగారు స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి కొలంబోకు ఓడలు వేశారు. ఎదుటివారు టిక్కెట్టు లేకుండా ఎక్కించుకోవడమే గాక గొడుగులు కూడా పంచారని చెప్పుకొంటారు. పిళ్లెగారు జైలు పాలయ్యారు, కంపెనీ మునిగింది. ఈ సంగతులన్నీ తెలిసి కూడా వాల్‌చంద్‌గారు ఆ నీళ్లలోనే దిగారు.

లాయల్టీ ఓడ

యుద్ధం 1918లో ముగిసింది. యుద్ధంలో ఎన్నో ఓడలు మునిగిపోవడం వలన ప్రపంచమంతటా ఓడలకు కరవు వచ్చి, కిరాయిలు ఆకాశానికి అంటాయి. ఆ సమయంలో గ్వాలియరు మహారాజావారి ఓడ ఒకటి అమ్మకానికి ఉందని రైలు ప్రయాణంలో వాల్‌చంద్‌గారి చెవిని పడింది. బొంబాయి చేరగానే రేవుకు పోయి దానిని చూచి వచ్చారు.

ఆ ఓడ కథ కూడా చిత్రమైనదే. 1891లో ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే పేరుతో ఒక కెనడా కంపెనీ కొరకు ఇంగ్లండులో కట్టారు. ఇంచుమించు 5,900 టన్నుల ఓడ. కెనడాలోని వాంకూవరు నుండి జపాను మీదుగా హాంగ్‌కాంగుకు పసిఫిక్ మహాసముద్రం మీద ఇరవై ఏండ్లకు పైగా నడిచింది. యుద్ధం రాగానే గ్వాలియరు సింధియా మహారాజావారు కొని, గాయపడిన సైనికుల కొరకు ఆసుపత్రి ఓడగా మార్చి, లాయల్టీ అని పేరు పెట్టారు. యుద్ధం అయ్యాక అక్కరలేకపోయింది.

ఒక్కరి వలన అయ్యే బేరం కాదు. నరోత్తం మురార్జీ, కీలాచంద్ దేవచంద్, లల్లూభాయి సామల్‌దాసు గార్లు కలిశారు. ఇందులో నరోత్తం మురార్జీగారికీ మన ఊరికీ సంబంధం ఉన్నది. షోలాపురంలో జూనీ మిల్లు అని పేరు పడ్డ షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును 1870ల దశకంలో స్థాపించినది ఆయన తండ్రి మురార్జీ గోకుల్‌దాసుగారు. తెలుగు దేశం నుండి వలస వచ్చిన సాలెల తాతలలో ఎంతో మంది ఆ మిల్లులోనే మగ్గం పట్టారు. మిల్లు ఇప్పుడు లేదు గాని ఆ పేరు చెప్పని ముసలివారు మా పేటలో లేరు. ఈ విధంగా ఒకరు పుట్టుక చేత, ఒకరు మిల్లు చేత షోలాపురానికి చేరిన ఇద్దరు కలిసి సముద్రం మీదికి బయలుదేరారన్నమాట.

1919 మార్చి 27న కంపెనీ రిజిస్టరు అయింది. ఓడ పూర్వపు యజమాని వంశపు పేరిట సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని పేరు పెట్టారు. మూలధనం 4.5 కోట్ల రూపాయలుగా నిర్ణయించారు. ఆ రోజుల కోట్లంటే ఏ పాటివో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ ఓడ బొంబాయి రేవు విడిచి లండనుకు బయలుదేరింది. వాల్‌చంద్‌గారు కూడా అందులో ప్రయాణం చేశారు. 1964 నుండి ఈ ఏప్రిల్ 5వ తేదీనే మన దేశమంతటా జాతీయ నౌకా దినంగా జరుపుకొంటున్నారు.

వ్యాపారపు కంటితో చూస్తే లాయల్టీ మంచి బేరం కాదని ఒప్పుకోవాలి. అప్పటికే ముప్పై ఏండ్లకు దగ్గర పడ్డ ఓడ. ప్రయాణీకుల కొరకు కట్టినది కనుక సరకులకు అనువైనది కాదు, బొగ్గు మాత్రం బాగా తినేది. కొద్ది ప్రయాణాలతోనే దానిని నిలిపివేయవలసి వచ్చింది. 1923లో విరిచి ఇనుముకు అమ్మేశారు. ఆ పద్దు ఖర్చు వైపే వ్రాయాలి. కాని మన వారు స్వంత ఓడ మీద స్వంత సరకుతో దూరదేశానికి పోగలరని ఆ ఓడ నిరూపించింది. ఆ జమ ఏ ఆవర్జాలో వ్రాయాలి?

కిరాయిల యుద్ధం

లాయల్టీతో ఆగకుండా కంపెనీ మరికొన్ని ఓడలు కొన్నది. తీర వ్యాపారంలో దిగింది. రంగూను నుండి బియ్యం, టేకు దుంగలు. కలకత్తా నుండి బొగ్గు. పడమటి తీరం నుండి ఉప్పు, ఇట్టి సరకులు కరాచీ, బొంబాయి, మలబారు రేవులు, కొలంబో, మద్రాసు, కలకత్తా, రంగూనుల మధ్య తిరుగుతుండేవి. దీనినే తీర వ్యాపారమనేవారు. అప్పటికి బర్మా కూడా హిందూదేశ ప్రభుత్వం క్రిందనే ఉండేది.

లార్డు ఇంచ్‌కేప్‌గారు ఊరుకోలేదు. మొదట సింధియా కంపెనీని కొనివేస్తామన్నారు. మన వారు అమ్మలేదు. అంతట కిరాయిలు తగ్గించసాగారు. రంగూను బియ్యం మీద కిరాయి నానాటికి దిగిపోయింది. పెద్ద కంపెనీకి వందకు పైగా ఓడలు. ఒక దారిలో నష్టం వస్తే మరొక దారిలో రాబట్టుకొంటుంది. చిన్న కంపెనీకి ఉన్నదే ఒక దారి. యుద్ధానంతరపు గిరాకీ కూడా అప్పటికి చల్లారింది. కంపెనీకి లాభాలు లేవు. వాటాదారులకు పంచడానికి ఏమీ మిగలలేదు. వాటాదారులలో విసుగు పుట్టడం సహజమే కదా!

1923లో ఒక ఒప్పందం కుదిరింది. పది సంవత్సరాలకు కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం సింధియా వారు తీర వ్యాపారంలోనే ఉండాలి, దూరదేశాల దారులలోకి రాకూడదు. ప్రయాణీకులను ఎక్కించుకోకూడదు. అన్ని ఓడలూ కలిపి 75,000 టన్నులకు మించరాదు. లండనుకు ఓడ నడిపిన కంపెనీ నాలుగేండ్లకు తన తీరానికే కట్టుబడి పోయింది. ఇది చాలా అవమానకరమైన షరతు. సంతకం చేయకపోతే కంపెనీ మిగలదు, చేస్తే మానం మిగలదు.

వాల్‌చంద్‌గారి చరిత్రలో నేను అన్నిటికంటె పెద్దదిగా ఎంచేది ఈ ఘట్టమే. పంతానికి పోయి కంపెనీని ముంచి ఉంటే నాలుగు రోజులు పొగడ్తలు దక్కేవి. తరువాత టాటా లైను వలె, తూత్తుకుడి కంపెనీ వలె అదీ ఒక జ్ఞాపకంగా మిగిలిపోయేది. ఆయన తల వంచి సంతకానికి ఒప్పుకొన్నారు, కాని పని మానలేదు. ఉన్న ఓడలను నడుపుతూ, అనుభవం గడిస్తూ, ఆ పదేండ్లలో దేశాన్ని మేల్కొలపడానికి పూనుకొన్నారు. తీర వ్యాపారం మన దేశపు ఓడలకే ఉండాలనే బిల్లును 1928లో సారాభాయి నేమచంద్ హాజీగారు కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. రిబేటు పద్ధతిని తీసివేయాలని మరొక బిల్లు వచ్చింది. అవి చట్టం కాలేదు. అయినా ఓడ కిరాయి అనే సంగతి వర్తకుల గోదాములలో నుండి దేశపు రాజకీయాలలోకి వచ్చింది. ఓడల మీద అధికారులుగా పనిచేయడానికి భారతీయ యువకులకు శిక్షణ ఇచ్చే డఫరిన్ ఓడ 1927లో బొంబాయిలో మొదలైంది.

1929లో నరోత్తం మురార్జీగారు మోటారు ప్రమాదంలో మరణించారు. కంపెనీ భారమంతా వాల్‌చంద్‌గారి మీద పడింది. ఆయన అధ్యక్షులై ఇరవై ఏండ్లకు పైగా నడిపారు. 1937లో హజ్ యాత్రికుల కొరకు ఎల్ మదీనా అనే కొత్త ఓడ వేశారు. జిద్దా రేవు దారిలో మరల కిరాయిల పోటీ వచ్చింది, మరల నష్టాలు వచ్చాయి. ఒక జైన శ్రేష్ఠి నడిపిన కంపెనీ మహమ్మదీయ సోదరులను వారి పుణ్యక్షేత్రానికి చేర్చడం మనం గర్వంగా చెప్పుకోదగిన సంగతి.

విశాఖ తీరాన

ఇక మన తెలుగుదేశపు సంగతికి వద్దాం. మద్రాసుకూ కలకత్తాకూ మధ్య పెద్ద ఓడలు గట్టుకు చేరగల రేవు చిరకాలం లేదు. ఓడ సముద్రంలో నిలిస్తే సరకు పడవలలో దించేవారు. మధ్య పరగణాల నుండి మాంగనీసు రాయి ఎగుమతి కొరకు విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ నీడన లోతైన రేవు త్రవ్వారు. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను రేవు ముఖాన ముంచి అడ్డుగోడగా చేశారు. 1933 అక్టోబరు 7న ఈ కొత్త రేవులోకి మొట్టమొదట ప్రవేశించిన ఓడ జలదుర్గ. అది సింధియా కంపెనీదే! ఆ కంపెనీ ఓడలకు జలతో మొదలయ్యే పేర్లు పెట్టడం ఆనవాయితీ.

ఓడలు నడపడమే గాక ఓడలు కట్టాలని వాల్‌చంద్‌గారికి ఎప్పటి నుండో కోరిక. ఓడ కొనడానికి ఇంగ్లండువాని దగ్గరకే పోవలసి వస్తే స్వాతంత్ర్యం సగమే గదా! మొదట కలకత్తాలో స్థలం కొరకు ప్రయత్నించారు. తగిన స్థలం అక్కడి రేవు అధికారులు ఇవ్వలేదు. అప్పుడు విశాఖపట్నం మీద దృష్టి పడింది. లోతైన నీరు, కొండ చాటు, రైలు మార్గం, అన్నీ ఉన్నాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు విశాఖలో షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలమది. యంత్రాలు దొరకడం కష్టం, ఉక్కు దొరకడం కష్టం, ప్రభుత్వపు సహాయం అంతకంటె కష్టం.

ఏడాది తిరగకముందే 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. యంత్రాలు విప్పి బొంబాయికి తరలించారు, పని ఆగిపోయింది. మరొకరైతే ఆ స్థలాన్ని అంతటితో వదలివేసేవారు. వాల్‌చంద్‌గారు మరల మొదలుపెట్టించారు. 1946లో మొదటి పెద్ద ఓడకు అడుగు దూలం వేశారు. 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు విశాఖకు వచ్చి ఆ ఓడను నీళ్లలోకి దింపారు. దాని పేరు జల ఉష. 8,000 టన్నుల సరకు మోయగల ఓడ. స్వతంత్ర భారతంలో మన గడ్డ మీద కట్టిన మొదటి పెద్ద స్టీమరు అదే. ఒకనాడు తెరచాప ఓడలు కట్టిన కోరంగికి నూరు మైళ్ల ఎగువన, అదే తీరాన, తెలుగు కూలీల చేతులు మరల ఓడ కట్టాయి.

షిప్‌యార్డు భారం కంపెనీ ఒక్కదాని వలన మోయరానిదైంది. 1952లో ప్రభుత్వం అందులో పెద్ద వాటా తీసుకొని హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మార్చింది. కాని విశాఖలో ఆ చుట్టుప్రక్కల ప్రాంతాన్ని ప్రజలు నేటికీ సింధియా అనే పిలుస్తారు. బస్సు కండక్టరు సింధియా, సింధియా అని కేక వేస్తే దిగేవారిలో ఎంతమందికి షోలాపురం సేఠ్‌గారి సంగతి తెలుసునో గాని, ఆ పేరు మాత్రం చెరగలేదు.

ఇతర కార్యాలు, చివరి రోజులు

వాల్‌చంద్‌గారు పూనుకొన్న పనులన్నీ చెప్పాలంటే ఈ సంచిక చాలదు. 1940లో మైసూరు ప్రభుత్వంతో కలిసి బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ స్థాపించారు. యుద్ధకాలంలో ప్రభుత్వం దానిని తీసుకొన్నది. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. ఒకప్పుడు బొంబాయి వీధుల నిండా తిరిగిన టాక్సీలు ఆ కంపెనీవే. మన జిల్లాకు దగ్గరనే బీడు నేలలలో చెరకు పండించి చక్కెర మిల్లు నెలకొల్పిన ఊరికి వాల్‌చంద్‌నగర్ అనే పేరు వచ్చింది. రావళ్‌గావ్ చక్కెర మిల్లు కూడా వారిదే. ఆ బిళ్లలు చప్పరించని పిల్లలు మా తరంలో లేరు.

1949లో పక్షవాతం వచ్చి ఆయన మంచం పట్టారు. మరుసటి ఏడు వ్యాపారాల నుండి విరమించారు. భార్య కస్తూర్‌బాయిగారు కడదాకా సేవ చేశారు. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపురంలో కన్నుమూశారు. లాయల్టీ ఓడ బయలుదేరినదీ ఏప్రిల్ మొదటి వారమే, విశాఖ మీద బాంబులు పడినదీ ఆ వారమే, ఆయన వెళ్లిపోయినదీ ఆ రోజులలోనే. తీర వ్యాపారం మన ఓడలకే అనే కల మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏండ్లలోనే నెరవేరింది. దానిని ఆయన కండ్లారా చూచారు.

ఆయన తరువాత నరోత్తం మురార్జీగారి కోడలు సుమతీ మురార్జీగారు కంపెనీని నడిపి, ఓడ వ్యాపారంలో స్త్రీలు కూడా నిలువగలరని లోకానికి చూపారు. సింధియా ఓడలు లండనుకూ, అమెరికాకూ పోయాయి. 1980ల దశకంలో కంపెనీ కష్టాల పాలై క్రమంగా క్షీణించింది. ఎంత పెద్ద దుకాణానికైనా ఒకనాడు తలుపు మూయక తప్పదు. అది సంసార ధర్మం.

ముగింపు

షోలాపురంలో వాల్‌చంద్‌గారి పేరిట కాలేజీలున్నాయి. 2004లో తపాలా బిళ్ల వెలువడింది. మా పేట పిల్లలు కొందరు ఆ కాలేజీలలో చదువుతున్నారు. సాంచా నడిపేవాని కొడుకు, బీడీలు చుట్టే తల్లి కూతురు ఇంజనీర్లయి వస్తున్నారు. వాల్‌చంద్ అంటే ఎవరని అడిగితే కాలేజీ పేరని చెప్పే పిల్లలను చూచి నాకు కష్టం తోచింది. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి అదీ ఒక కారణం.

నా గోదాములో ఆగిపోయిన కట్టలు కొన్ని నెలలకు కదిలాయి. నవా షేవా రేవులో పెట్టెలకెక్కి పోయాయి. అవి ఎక్కిన ఓడ ఏ దేశానిదో నేను అడిగి తెలుసుకొన్నాను. మనది కాదు. ఈనాటికీ మన దేశపు విదేశీ వ్యాపారంలో మన జెండా ఎగిరే ఓడలు మోసేది పదింట ఒక వంతు కూడా లేదు. సేఠ్‌గారు వేసుకొన్న ప్రశ్న ఇంకా తీరలేదన్నమాట.

మనం వర్తకులం. ప్రతి దీపావళికీ లెక్కలు చూచుకొంటాం. లాభం వచ్చిన పద్దునే చూచి మురిసిపోయే అలవాటు మనది. లాయల్టీ ఓడ నష్టం, కిరాయిల పోటీ నష్టం, 1923 ఒప్పందం అవమానం, విశాఖలో బాంబుల నష్టం, అన్నీ ఖర్చు వైపే కనిపిస్తాయి. అడ్డగీత గీచి మొత్తం కూడితే మాత్రం ఒక రేవు, ఒక షిప్‌యార్డు, ఒక దేశపు నౌకాబలం నిలవ తేలుతుంది. నష్టం రాగానే దుకాణం కట్టివేయనివాడే ఈ నిలవ చూడగలడు. మన పిల్లలకు గద్దె మీద కూర్చోవడం నేర్పేటప్పుడు ఈ ఒక్క లెక్క కూడా నేర్పితే, షోలాపురంలో పుట్టిన ఆ మహనీయునికి అదే మనం చెల్లించే ఋణం.